పోయే బాట, వచ్చే బాట: కమాండ్ లైన్‌లో స్టాటిక్ రూట్ పెట్టే పద్ధతి

యాసంగి కోతలు ముమ్మరమైతే మిర్యాలగూడ రైసు మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరతాయి. అలాంటి రోజుల్లోనే ఒక మిల్లు నుంచి తెల్లవారంగనే ఫోన్ వచ్చింది. చేసింది అక్కడ కంప్యూటర్లు చూసుకునే పిల్లగాడు. “అన్నా, కాంటా కాడి సిస్టమ్ ఆఫీసులకెల్లి కనిపిస్తలేదు. నువ్వు చెప్పినట్టే రూట్ కొట్టిన. ఓకే అని వచ్చింది. పింగ్ మాత్రం వస్తలేదు.” ధర్మకాంటా మీద తూగిన బరువు ఆఫీసు కంప్యూటర్‌లో పడితేనే బిల్లు తయారవుతుంది, బిల్లు అయితేనే లారీ కదులుతుంది. డ్రైవర్లు అప్పటికే కిందికి దిగి గుమస్తాతో గొడవ పెట్టుకుంటున్నారు.

పింగ్ అంటే అవతలి కంప్యూటర్‌ను ‘ఉన్నావా’ అని పిలిచి జవాబు కోసం చూడటం. పిల్లగాడు కొట్టిన కమాండులో అక్షరం తప్పు లేదు. ఆఫీసు నుంచి కాంటా దాకా ప్యాకెట్, అంటే నెట్‌వర్కులో పోయే సమాచారపు మూట, పోతూనే ఉంది. తిరిగి రావడానికి దారే లేదు. నల్లగొండ చుట్టుపక్కల మిల్లులు, దుకాణాల నెట్‌వర్కులు చూస్తుంటాను. రూట్ పెట్టినా పనిచేయడం లేదని నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. అందుకే ఈ మార్గదర్శిలో రూట్ పెట్టడం ఎంత వివరంగా చెబుతానో, వచ్చే బాట సంగతి అంతకన్నా వివరంగా చెబుతాను.

ఒక్క మాట. కమాండ్లను ఫోన్‌లో చదివి వినిపించినట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాను. కీబోర్డు మీద అవే మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి. అంకెలు, చుక్కలు, ఏటవాలు గీతలు, అడ్డగీతలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే. వయా అంటే వి, ఐ, ఎ. డెవ్ అంటే డి, ఇ, వి. డెల్ అంటే డి, ఇ, ఎల్. అడ్డగీత తర్వాత ‘పీ’ అని ఉంటే ఆ ఒక్క అక్షరమే.

నల్లగొండ బస్టాండు లెక్క

నల్లగొండ బస్టాండులో పార్సిళ్లు పంపే మనిషిని ఊహించుకోండి. అతనికి ఒకే ఒక్క మాట చెప్పి ఉంచారు: “ఏ ఊరి మూటైనా హైదరాబాద్ బస్సులో వెయ్యి.” ఆ బస్సు నార్కట్‌పల్లి కాడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పోతుంది. ఇదే డిఫాల్ట్ రూట్. ఎక్కడికి పోవాలో తెలియనిదంతా ఇటే. కంప్యూటర్‌లో దీన్ని 0.0.0.0/0 అని రాస్తారు, మామూలుగా ఇది ఇంటర్నెట్ రౌటర్ వైపు చూస్తుంది.

ఇప్పుడు మిర్యాలగూడ మూట వచ్చింది. ఎవరూ వేరే మాట చెప్పలేదు కాబట్టి అది కూడా హైదరాబాద్ బస్సే ఎక్కుతుంది, అంటే ఎదురు దిక్కుకు పోతుంది. కాబట్టి ఇంకో మాట చేర్చాలి: “మిర్యాలగూడ వైపు మూటలు మాత్రం ఆ బస్సు కండక్టరుకు ఇవ్వు.” మనం చేత్తో చేర్చే ఈ మాటే స్టాటిక్ రూట్. ఇందులో రెండే సంగతులు ఉంటాయి. ఎవరికి చేరాలి, ముందుగా ఎవరి చేతికి ఇవ్వాలి. చేరాల్సిన చోటును నెట్‌వర్క్ చిరునామా, మాస్క్ (చిరునామాలో నెట్‌వర్క్ పేరు ఎంతవరకో చెప్పే అంకె) కలిపి చెబుతాం. చేతికి ఇచ్చే మనిషి పేరు గేట్‌వే.

గేట్‌వే విషయంలో ఒక నియమం ఎప్పుడూ తప్పకూడదు. మూట అందుకునే కండక్టరు నల్లగొండ బస్టాండులోనే నిలబడి ఉండాలి. మిర్యాలగూడలో ఉన్న మనిషి చేతికి నల్లగొండలో మూట ఇవ్వలేం కదా. అలాగే గేట్‌వే చిరునామా మీ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్కులోనే ఉండాలి. అవతలి ఒడ్డు చిరునామాను గేట్‌వేగా రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ చేసే తప్పు.

రెండు మాటలు ఒకే మూటకు వర్తిస్తే ఏది నెగ్గుతుంది? మరింత నిర్దిష్టంగా చెప్పినది. “దక్షిణం వైపు మూటలన్నీ మిర్యాలగూడ బస్సులో, హాలియా మూట మాత్రం సాగర్ బస్సులో” అంటే హాలియాది సాగర్ బస్సే ఎక్కుతుంది. కంప్యూటర్ కూడా ఏటవాలు గీత తర్వాత పెద్ద అంకె ఉన్న రూట్‌నే ఎంచుకుంటుంది. /24 ఉంటే /16 పక్కకు పోతుంది, /32 ఉంటే /24 పక్కకు పోతుంది. రెండూ సమానమైతేనే మెట్రిక్, అంటే ఆ రూట్‌కు వేసిన ఖర్చు అంకె, చూస్తుంది. మెట్రిక్ తక్కువ ఉన్నదే గెలుస్తుంది. ‘మెట్రిక్ తగ్గించాను, అయినా ఇటు రావడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ వరస గుర్తు చేసుకోవాలి.

మొదటి పని కాగితం మీద

కమాండ్ ప్రాంప్ట్ తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. ఆ మిల్లు బొమ్మ ఇలా ఉంటుంది. ఈ వ్యాసమంతా ఇవే అంకెలు వాడతాను.

ఆఫీసు నెట్‌వర్క్ 192.168.10.0/24. అందులో ఇంటర్నెట్ రౌటర్ 192.168.10.1, గుమస్తా కంప్యూటర్ 192.168.10.30, బ్యాకప్ కోసం పెట్టిన ఉబుంటు (ఒక రకం లినక్స్) మెషిన్ 192.168.10.40.
కాంటా నెట్‌వర్క్ 192.168.20.0/24. అందులో కాంటా కంప్యూటర్ 192.168.20.15, కెమెరాల రికార్డర్ 192.168.20.50.
రెంటి మధ్య రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఒక పాత కంప్యూటర్, అందులో ఉబుంటు. ఆఫీసు వైపు కార్డు 192.168.10.2, కాంటా వైపు కార్డు 192.168.20.1.

/24 అంటే మొదటి మూడు అంకెలూ నెట్‌వర్క్ పేరు, చివరిది అందులోని మెషిన్ నంబరు. దీన్నే పాత పద్ధతిలో 255.255.255.0 అని రాస్తారు. /16 అంటే 255.255.0.0. ఒకే ఒక్క మెషిన్‌కు రూట్ కావాలంటే /32, అంటే 255.255.255.255. ఈ ఏటవాలు గీత రాత 1993 నుంచి వాడుకలో ఉంది. అయినా విండోస్‌లోని పాత రూట్ కమాండుకు మాస్క్‌ను పూర్తిగా రాయడమే నా అలవాటు.

కాగితం మీదే చూసుకోవాల్సిన ఇంకో సంగతి, రెండు వైపులా ఒకే అంకెలు ఉన్నాయా అని. జడ్చర్లలో ఒక విత్తనాల దుకాణం, దేవరకద్రలో వాళ్ల గోదాము. రెండు చోట్లా రౌటర్ డబ్బాలోంచి తీసినవి తీసినట్టే పెట్టారు, రెండూ 192.168.1.0/24. మధ్యలో లింకు వేసి రూట్ పెట్టమన్నారు. ఎంత పెట్టినా పనిచేయదు. దుకాణం కంప్యూటర్‌కు 192.168.1.20 కావాలంటే అది తన గదిలోనే వెతుక్కుంటుంది, రూట్ దాకా పోనే పోదు. ఒక వైపు నెట్‌వర్క్ అంకెలు మార్చడమే సరైన దారి. ఆ పనికి ఒక పూట పడుతుంది, అయినా ముందే చేసేయండి. సొంత వాడకానికి కేటాయించిన చిరునామాలు చాలానే ఉన్నాయి: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. అందరూ 192.168.1 దగ్గరే గుమిగూడనక్కర్లేదు.

ఇప్పుడున్న రూట్లు చూడటం

విండోస్‌లో:

రూట్ -4 ప్రింట్

లినక్స్‌లో:

ఐపీ రూట్ షో

విండోస్ చూపించే పట్టికలో ఐదు నిలువు వరసలుంటాయి. చేరాల్సిన నెట్‌వర్క్, మాస్క్, గేట్‌వే, ఏ కార్డు నుంచి పోవాలి, మెట్రిక్. గేట్‌వే గడిలో ‘ఆన్‌లింక్’ అని ఉంటే అది ఆ కార్డుకు నేరుగా తగిలి ఉన్న నెట్‌వర్క్, మధ్యవర్తి అక్కర్లేదు. అన్నిటికంటే పైన 0.0.0.0 వరస ఎవరి వైపు చూస్తోందో రాసుకోండి. పట్టిక అడుగున ‘పర్సిస్టెంట్ రూట్స్’ అని ఇంకో చిన్న పట్టిక ఉంటుంది. ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన రూట్లు అక్కడే దాక్కుంటాయి. కొత్తది చేర్చేముందు దాన్ని చూడకపోతే పాతదానితో తగువు తప్పదు.

విండోస్‌లో రూట్ చేర్చడం

స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, కుడి మీట నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. మామూలుగా తెరిస్తే ‘ద రిక్వెస్టెడ్ ఆపరేషన్ రిక్వైర్స్ ఎలివేషన్’ అని తిప్పి పంపుతుంది.

మొదట తాత్కాలికంగా పెట్టి చూడండి:

రూట్ యాడ్ 192.168.20.0 మాస్క్ 255.255.255.0 192.168.10.2

‘ఓకే!’ అని వస్తుంది. ఈ ఓకేకు అర్థం పట్టికలో వరస చేరింది అని మాత్రమే. అవతలికి దారి ఉందని కాదు. ఆ రోజు పిల్లగాడు ఈ మాట చూసే ధైర్యపడ్డాడు.

మాస్క్ అన్న మాట మరిచిపోతే విండోస్ 255.255.255.255 అనుకుంటుంది, అంటే నెట్‌వర్క్ మొత్తానికి కాక ఒక్క చిరునామాకే రూట్ పడుతుంది. చేరాల్సిన చోటును 192.168.20.15 అని రాసి మాస్క్ 255.255.255.0 ఇచ్చినా ఒప్పుకోదు. మాస్క్‌కు తగ్గట్టు చివరి అంకె సున్నా కావాలి.

పనిచేస్తోందని తేలాక తాత్కాలికాన్ని తీసేసి శాశ్వతంగా పెట్టండి:

రూట్ డిలీట్ 192.168.20.0
రూట్ -పీ యాడ్ 192.168.20.0 మాస్క్ 255.255.255.0 192.168.10.2

-పీ లేకుండా పెట్టినది కంప్యూటర్ రీస్టార్ట్ కాగానే పోతుంది. మిల్లుల్లో కరెంటు పోవడం, రావడం మామూలే. సాయంత్రం పనిచేసినది పొద్దునకు మాయమైందంటే ముందు ఇదే అనుమానించండి.

పవర్‌షెల్ అలవాటున్నవాళ్లు గెట్-నెట్‌అడాప్టర్ కొట్టి కార్డు ఇండెక్స్ నంబరు తెలుసుకుని, అది 12 అనుకుంటే, ఇలా పెట్టవచ్చు:

న్యూ-నెట్‌రూట్ -డెస్టినేషన్‌ప్రిఫిక్స్ 192.168.20.0/24 -ఇంటర్‌ఫేస్‌ఇండెక్స్ 12 -నెక్స్ట్‌హాప్ 192.168.10.2

ఇది వేరే ఏమీ చెప్పకపోతే శాశ్వతంగానే పెడుతుంది.

రూట్ కమాండుకు -ఎఫ్ అని ఒక మీట ఉంది. అది పట్టికలోని గేట్‌వే రూట్లన్నిటినీ ఊడ్చేస్తుంది, డిఫాల్ట్ రూట్‌తో సహా. దాని జోలికి పోకండి.

లినక్స్‌లో రూట్ చేర్చడం

సుడో ఐపీ రూట్ యాడ్ 192.168.20.0/24 వయా 192.168.10.2

కార్డు పేరు కూడా చెప్పాలనుకుంటే చివర డెవ్ అని, ఆ పక్కన కార్డు పేరు రాస్తే సరి. చిరునామా నుంచే అది ఏ కార్డో లినక్స్ తెలుసుకుంటుంది కాబట్టి మామూలుగా అవసరం పడదు.

‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అని వస్తే అదే నెట్‌వర్కుకు రూట్ ముందే ఉంది. యాడ్ బదులు రీప్లేస్ అని కొట్టండి. ‘నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్వాలిడ్ గేట్‌వే’ అని వస్తే కండక్టరు మీ బస్టాండులో లేడు, గేట్‌వే చిరునామా సరిచూసుకోండి. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటే ముందు సుడో (అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడపమనే మాట) మరిచిపోయారు.

నాకు లినక్స్‌లో అన్నిటికంటే ఇష్టమైన కమాండు ఇది:

ఐపీ రూట్ గెట్ 192.168.20.15

ఆ చిరునామాకు ప్యాకెట్ పంపాల్సి వస్తే ఏ గేట్‌వే, ఏ కార్డు, ఏ సొంత చిరునామా వాడతానో కెర్నెలే స్వయంగా చెబుతుంది. పట్టిక చదివి ఊహించే పని ఉండదు. విండోస్ పవర్‌షెల్‌లో ఫైండ్-నెట్‌రూట్ -రిమోట్‌ఐపీఅడ్రస్ 192.168.20.15 అని కొడితే అదే పని అవుతుంది.

ఐపీ కమాండుతో పెట్టినది కూడా తాత్కాలికమే. మెషిన్ రీస్టార్ట్ అయినా, ఆ కార్డు ఆగి మళ్లీ లేచినా పోతుంది. నిలవాలంటే ఉబుంటు డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్‌కు చెప్పాలి. ముందుగా ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో కొట్టి కనెక్షన్ పేరు చూడండి. ఆ పేరు ‘ఆఫీస్’ అనుకుంటే:

సుడో ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై ఆఫీస్ +ఐపీవీ4.రూట్స్ "192.168.20.0/24 192.168.10.2"
సుడో ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్ ఆఫీస్

ఆ కూడిక గుర్తు చాలా ముఖ్యం. అది ఉంటే ఉన్న రూట్లకు ఇది తోడవుతుంది. లేకపోతే ఉన్నవన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది.

ఉబుంటు సర్వర్‌లో అయితే ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌ప్లాన్ ఫైలు తెరిచి, కార్డు పేరు కింద ఇలా చేర్చాలి:

      రూట్స్:
        - టు: 192.168.20.0/24
          వయా: 192.168.10.2

ఈ ఫైలులో ట్యాబ్ మీట పనికిరాదు, ఖాళీలే పెట్టాలి. వయా అన్నది టు అన్న మాటకు సరిగ్గా కిందికి రావాలి. తర్వాత సుడో నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. మీరు ఎంటర్ నొక్కి ఒప్పుకోకపోతే 120 సెకన్లలో అదే పాత స్థితికి తీసుకుపోతుంది.

మ్యాక్ వాడేవాళ్లు సుడో రూట్ -ఎన్ యాడ్ -నెట్ 192.168.20.0/24 192.168.10.2 అని కొట్టాలి. రీస్టార్ట్ అయితే అదీ పోతుంది.

మధ్యలోని డబ్బా

రెండు కార్డులున్నంత మాత్రాన కంప్యూటర్ రౌటర్ అయిపోదు. ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ను ఇంకో కార్డు నుంచి పంపమని లినక్స్‌కు విడిగా చెప్పాలి:

సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్=1

మొదటి మాటను ఎస్, వై, ఎస్, సీ, టీ, ఎల్ అని కొట్టాలి. నిలవడానికి నెట్ నుంచి 1 దాకా ఉన్న ముక్కను ఈటీసీలోని సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలులో రాసిపెట్టండి.

చాలామంది పాత వైఫై రౌటర్‌ను ఈ మధ్యవర్తి పనికి పెడతారు. దాని వ్యాన్ రంధ్రం (మామూలుగా ఇంటర్నెట్ వైరు పెట్టేది) ఆఫీసు వైపు, ల్యాన్ రంధ్రాలు (లోపలి కంప్యూటర్లకు) కాంటా వైపు. అది మామూలుగా చిరునామాలు మార్చేస్తుంది, ఆ పని పేరు నాట్. కాంటా నుంచి ఆఫీసుకు పోవచ్చు కానీ ఆఫీసు నుంచి కాంటాకు రానివ్వదు. అలాంటి డబ్బాలో నాట్ ఆపే వీలుందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే దాన్ని ఈ పనికి వాడొద్దు.

వచ్చే బాట

ఇప్పుడు ఆ పొద్దుటి సంగతికి వస్తాను. గుమస్తా కంప్యూటర్‌లో రూట్ ఉంది. మధ్య డబ్బాలో ఫార్వర్డింగ్ ఉంది. పింగ్ కొడితే ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ తప్ప ఏమీ రాదు. పిల్లగాణ్ని మధ్య డబ్బా ముందు కూర్చోబెట్టి, కాంటా వైపు కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0 కాబట్టి ఇది కొట్టమన్నాను:

సుడో టీసీపీడంప్ -ఎన్ -ఐ ఈఎన్‌పీ2ఎస్0 ఐసీఎంపీ

ఇది ఆ కార్డు మీదుగా పోయే, వచ్చే పింగ్ ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. “ఏం కనిపిస్తున్నది తమ్మీ?” అంటే “192.168.10.30 నుంచి 192.168.20.15కు రిక్వెస్ట్ అని వరసగా వస్తున్నయన్నా. రిప్లై అన్న మాటే లేదు” అన్నాడు. అంటే ప్యాకెట్ మధ్య డబ్బా దాటి కాంటా గది వైపు వెళ్లిపోయింది. జవాబు రావాల్సిన చోట ఆగింది.

“కాంటా కంప్యూటర్‌ల రూట్ ప్రింట్ కొట్టు. 0.0.0.0 ఎవరి దిక్కు ఉన్నది?” అతను చదివిన చిరునామా మా కాగితం మీద లేనే లేదు. సంగతి ఏమంటే కాంటా ఆపరేటర్ ఇంటర్నెట్ కోసం ఆ కంప్యూటర్‌కు ఒక యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకున్నాడు. ల్యాన్ కార్డులో గేట్‌వే గడి ఖాళీగా ఉంది. 192.168.10.30 నుంచి పింగ్ వచ్చింది, కాంటా కంప్యూటర్ నిజాయితీగా జవాబు తయారు చేసింది. 192.168.10 అన్నది తన గది కాదు, దాని గురించి ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదు కాబట్టి డిఫాల్ట్ దారినే, అంటే డాంగిల్‌లోంచి సెల్ టవర్ వైపు పంపింది. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు రావాల్సిన ఉత్తరం విజయవాడ బస్సెక్కినట్టు.

కాంటా కంప్యూటర్‌లో ఒక్క వరస చేర్చాం:

రూట్ -పీ యాడ్ 192.168.10.0 మాస్క్ 255.255.255.0 192.168.20.1

అటువైపు రూట్‌లో గేట్‌వే 192.168.20.1 అని గమనించండి. అదే డబ్బా, కానీ కాంటా వైపు చిరునామా. కాంటా కంప్యూటర్ బస్టాండులో కనిపించే కండక్టరు అతనే. ఎంటర్ కొట్టిన మరుక్షణమే టీసీపీడంప్‌లో రిప్లైలు మొదలయ్యాయి.

ల్యాన్ కార్డులో గేట్‌వేగా 192.168.20.1 రాసేస్తే సరిపోదా అని అడుగుతారు. అలా చేస్తే ఆ కంప్యూటర్‌కు డాంగిల్ ఒకటి, ల్యాన్ ఒకటి, రెండు డిఫాల్ట్ రూట్లు అవుతాయి. ఇంటర్నెట్ ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతూ ఆపరేటర్‌ను సతాయిస్తుంది. ఒక మెషిన్‌కు ఒకే డిఫాల్ట్, మిగతావన్నీ నిర్దిష్టమైన స్టాటిక్ రూట్లు, ఇదే నేను పాటించే పద్ధతి. డాంగిల్ లేని మెషిన్ అయితే, ఉదాహరణకు కెమెరాల రికార్డర్, దానికి గేట్‌వేగా 192.168.20.1 రాస్తే చాలు, వేరే రూట్ అక్కర్లేదు.

రూట్ పెట్టిన ప్రతిసారీ మీరే అవతలి మెషిన్ అనుకుని కూర్చోండి. ఈ చిరునామా నుంచి ఉత్తరం వస్తే జవాబు ఏ బస్సులో వేస్తాను అని వెతకండి. మధ్యలో ఎన్ని డబ్బాలుంటే అన్నిటి దగ్గరా ఇదే ప్రశ్న.

పింగ్ జవాబులో ఏముంది

పింగ్ వస్తలేదు అని నాకు చెప్పేవాళ్లను మొదట అడిగేది స్క్రీన్ మీద ఉన్న మాట ఉన్నట్టు చదవమని. నాలుగు రకాల జవాబులకు నాలుగు వేర్వేరు రోగాలు.

మీ సొంత చిరునామా నుంచే ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ వస్తే ప్యాకెట్ మీ గది దాటలేదు. గేట్‌వే డబ్బా ఆఫ్ అయి ఉండవచ్చు, వైరు ఊడి ఉండవచ్చు, గేట్‌వే చిరునామా తప్పయి ఉండవచ్చు. ముందు 192.168.10.2కు పింగ్ కొట్టండి, ఏఆర్‌పీ -ఏ కొట్టి ఆ చిరునామా పక్కన కార్డు నంబరు కనిపిస్తోందో చూడండి.

192.168.10.2 నుంచి ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ వస్తే సంతోషించాలి. రూట్ పనిచేసింది, మధ్య డబ్బా అందుకుంది, అవతలి మెషినే పలకడం లేదు. కాంటా గదికి ఎవరినైనా పంపి కంప్యూటర్ ఆన్‌లో ఉందా, స్విచ్ లైట్లు వెలుగుతున్నాయా చూడమనండి.

‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అంటే వెళ్లింది, జవాబు రాలేదు. అనుమానితులు ఇద్దరు, వచ్చే బాట లేకపోవడం ఒకటి, అవతలి ఫైర్‌వాల్ ఇంకొకటి.

‘టీటీఎల్ ఎక్స్‌పైర్డ్ ఇన్ ట్రాన్సిట్’ అంటే రెండు డబ్బాలు ఒకదానికొకటి మూట విసురుకుంటున్నాయి. ఇంటర్నెట్ రౌటర్‌లో 20 నెట్‌వర్క్‌ను మధ్య డబ్బాకు పంపమని ఉంటుంది. మధ్య డబ్బాకు కాంటా వైపు కార్డు పనిచేయక, తన డిఫాల్ట్ ప్రకారం మళ్లీ ఇంటర్నెట్ రౌటర్‌కే పంపుతుంది.

దారి అడుగడుగునా చూడాలంటే విండోస్‌లో ట్రేసర్ట్ -డీ 192.168.20.15, లినక్స్‌లో ట్రేస్‌రూట్ -ఎన్ 192.168.20.15. విండోస్ కమాండు పేరులో చివర ఆర్‌టీ మాత్రమే ఉంటుంది. మొదటి వరసలో 192.168.10.2 రావాలి. 192.168.10.1 వచ్చి, ఆ తర్వాత ఎక్కడివో చిరునామాలు వస్తే మీ రూట్‌ను కంప్యూటర్ లెక్కలోకే తీసుకోలేదు. అంకెలు మళ్లీ చూసుకోండి.

పింగ్ వస్తుంది, ఫోల్డర్ తెరుచుకోదు

ఆ రోజు పింగ్ రాగానే పిల్లగాడు కేక వేశాడు. రెండు నిమిషాలకే మళ్లీ ఫోన్. “షేర్ ఫోల్డర్ ఓపెన్ అయితలేదన్నా.” ఆ కంప్యూటర్‌లో పింగ్‌కు ఫైర్‌వాల్ ముందే తెరిచి ఉంది, ఫోల్డర్‌కు లేదు.

విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్, ప్రింటర్ షేరింగ్ నియమాలు ప్రైవేటు నెట్‌వర్కులో ‘లోకల్ సబ్‌నెట్’ వరకే ఒప్పుకుంటాయి. అంటే తన గదిలోవాళ్లకే తలుపు. రూట్ ఎంత బాగా పెట్టినా 192.168.10 వాళ్లు దానికి బయటివాళ్లే. అవతలి కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ఇన్‌బౌండ్ రూల్స్, అందులో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ కింద ఎస్ఎంబీ-ఇన్, పింగ్ కోసం ఎకో రిక్వెస్ట్ ఐసీఎంపీవీ4-ఇన్ నియమాలు తెరవండి. స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ ఐపీ దగ్గర 192.168.10.0/24 చేర్చండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి పని కానిచ్చేవాళ్లున్నారు. డాంగిల్‌తో ఇంటర్నెట్‌కు తగిలి ఉన్న కంప్యూటర్‌లో ఆ పని అస్సలు చేయొద్దు. బరువుల లెక్క, బిల్లుల లెక్క అందులోనే ఉంటుంది.

పది కంప్యూటర్లుంటే

మూడు నాలుగు కంప్యూటర్లయితే ఒక్కోదాంట్లో -పీతో పెట్టుకుంటూ పోవచ్చు. పది దాటితే ఇంటర్నెట్ రౌటర్‌లోనే ఒకసారి 192.168.20.0/24ను 192.168.10.2కు పంపమని పెట్టడం తేలిక. గుమస్తా కంప్యూటర్ తన డిఫాల్ట్ ప్రకారం రౌటర్‌కు ఇస్తుంది, రౌటర్ మధ్య డబ్బాకు ఇస్తుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. జవాబు వచ్చేటప్పుడు మధ్య డబ్బా ఆఫీసు నెట్‌వర్కులోనే ఉంది కాబట్టి రౌటర్‌ను ముట్టుకోకుండా నేరుగా గుమస్తాకు ఇచ్చేస్తుంది. రౌటర్‌కు సగం మాటలే వినపడతాయి. దాని ఫైర్‌వాల్ గట్టిదైతే ఇది ఏదో దొంగ వ్యవహారం అనుకుని కనెక్షన్ తెంపేస్తుంది. పింగ్ బాగానే పోతుంది, ఫైలు కాపీ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే రౌటర్ రూట్ వదిలేసి కంప్యూటర్లలోనే పెట్టండి. లేదా కంప్యూటర్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఒప్పుకుంటే 121వ ఆప్షన్‌తో కంప్యూటర్లన్నిటికీ రూట్ పంచండి. 2002 నాటి ప్రమాణం అది, చిరునామాతో పాటే రూట్ కూడా ఇచ్చేస్తుంది.

దూరం నుంచి చేస్తుంటే

నల్లగొండలో కూర్చుని దేవరకొండలోని మెషిన్ రూట్లు మారుస్తున్నప్పుడు, మీరు కూర్చున్న కొమ్మనే నరుక్కునే ప్రమాదం ఉంది. డిఫాల్ట్ రూట్ పొరపాటున పోయిందంటే స్క్రీన్ అక్కడే గడ్డకడుతుంది, ఇక బస్సెక్కాల్సిందే.

అందుకే మార్పుకు ముందే ఐదు నిమిషాల్లో రీస్టార్ట్ పెట్టి ఉంచుతాను. విండోస్‌లో షట్‌డౌన్ /ఆర్ /టీ 300, లినక్స్‌లో సుడో షట్‌డౌన్ -ఆర్ +5. తర్వాత రూట్‌ను తాత్కాలికంగా మాత్రమే పెడతాను. కొత్తగా చేర్చినది నన్ను తెంపేస్తే ఐదు నిమిషాలకు మెషిన్ రీస్టార్ట్ అయి అది పోతుంది, మళ్లీ లోపలికి వెళ్లగలను. అంతా బాగుంటే విండోస్‌లో షట్‌డౌన్ /ఏ, లినక్స్‌లో సుడో షట్‌డౌన్ -సీ కొట్టి రీస్టార్ట్ రద్దు చేసి, అప్పుడు శాశ్వతంగా పెడతాను. కాంటా నడుస్తున్న వేళలో మాత్రం ఇది చేయకండి. మధ్యాహ్నం లారీలు లేని గంట చూసుకోండి.

తీసేయడం, రాసిపెట్టడం

అక్కర్లేని రూట్‌ను తీసేయాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఆ అంకెలతోనే ఇంకెవరో కొత్త నెట్‌వర్క్ వేస్తారు. విండోస్‌లో రూట్ డిలీట్ 192.168.20.0 కొడితే తాత్కాలికం, శాశ్వతం రెండూ పోతాయి. లినక్స్‌లో సుడో ఐపీ రూట్ డెల్ 192.168.20.0/24 ఇప్పుడున్నదాన్ని మాత్రమే తీస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్‌లో పెట్టినదైతే కూడిక గుర్తు బదులు తీసివేత గుర్తు పెట్టి అదే మాడిఫై కమాండు కొట్టాలి, నెట్‌ప్లాన్‌లోదైతే ఫైలులో ఆ వరసలు తీసేయాలి.

ఆ మిల్లులో మధ్య డబ్బా పక్కకు ఒక అట్టముక్క అంటించాం. పిల్లగాడే మార్కర్‌తో రాశాడు. పైన రెండు నెట్‌వర్కుల అంకెలు, కింద రెండు వరసలు:

పోను: గుమస్తా కంప్యూటర్‌ల 192.168.20.0, గేట్‌వే 192.168.10.2
రాను: కాంటా కంప్యూటర్‌ల 192.168.10.0, గేట్‌వే 192.168.20.1

అడుగున తేదీ, ‘డాంగిల్ తీస్తే ముందు ఫోన్ చేయాలె’ అన్న మాట.